సమాధి రాతి మీద చిరునామా

ఐర్లాండ్ వాయవ్య దిక్కున స్లైగో కౌంటీలో బెన్‌బుల్బెన్ కొండ ఉంది. ఆ కొండ నీడలో డ్రమ్‌క్లిఫ్ అనే చిన్న ఊరు, అందులో ఓ పాత చర్చి, దాని చుట్టూ సమాధుల తోట. టాగూర్ గీతాంజలికి ముందుమాట రాసిన కవి యేట్స్ సమాధి అక్కడే ఉంది. ఆయన 1939 జనవరిలో ఫ్రాన్స్‌లో కన్నుమూశారు. అప్పుడు అక్కడే ఖననం చేశారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1948లో ఐరిష్ నౌకాదళం ఓడ వెళ్లి అస్థికలను స్వదేశానికి తెచ్చింది. చిక్కేమిటంటే, ఈలోగా ఫ్రాన్స్‌లోని ఆ శ్మశానంలో సమాధి తవ్వేశారు, ఎముకలను మరెందరివో ఎముకలతో కలిపి ఒకచోట పడేశారు. డ్రమ్‌క్లిఫ్ చేరిన పెట్టెలో ఉన్నవి నిజంగా యేట్స్‌వేనా అని అప్పటి నుంచీ గుసగుసలే. 2015లో బయటికొచ్చిన ఫ్రెంచ్ దౌత్య పత్రాలు ఆ అనుమానానికి ఇంకాస్త బలమిచ్చాయి.

అయినా వంశ చరిత్ర వెతికేవాళ్లు డ్రమ్‌క్లిఫ్ రాతిని తప్పు పట్టరు. తనను ఆ ఊళ్లోనే ఉంచాలని యేట్స్ కోరుకోవడానికి కారణం ఉంది. ఆయన ముత్తాత జాన్ యేట్స్ 1811 నుంచి 1846 దాకా ఆ పారిష్‌కి పాదిరి. కింద ఎవరి ఎముకలున్నా, ఆ కుటుంబం ఏ మట్టిదో రాయి సరిగ్గానే చెబుతోంది. ఐర్లాండ్ సమాధి రాళ్లన్నిటికీ కొంచెం అటూ ఇటూగా ఇదే వర్తిస్తుంది. మనిషి వయసు, చనిపోయిన తేదీ, ఒక్కోసారి పేరు అక్షరాలు కూడా తప్పు పోవచ్చు. ఊరి పేరు మాత్రం తప్పడం అరుదు. అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో తాతముత్తాతల జాడ కోసం వచ్చేవాళ్లకు కావలసింది కూడా ఆ ఊరి పేరే.

వేరే దేశాల్లో ఇలాంటి వెతుకులాట కాగితాలతో మొదలై రాతి దగ్గర ముగుస్తుంది. ఐర్లాండ్‌లో చాలాసార్లు రాతితోనే మొదలుపెట్టాలి. దానికి పెద్ద కారణం 1922 జూన్ 30. బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందాన్ని ఒప్పుకోని తిరుగుబాటుదారులు డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ భవన సముదాయాన్ని పట్టుకుని కూర్చున్నారు. కొత్త ప్రభుత్వ సైన్యం ఫిరంగులతో విరుచుకుపడింది. ఆ పోరులో జరిగిన పేలుడుకీ, మంటలకీ పక్కనే ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసు బూడిదైంది. పదమూడో శతాబ్దం నుంచి పోగుపడిన పత్రాలు, వీలునామాలు, ప్రొటెస్టంట్ శాఖ అయిన చర్చ్ ఆఫ్ ఐర్లాండ్ పారిష్ రిజిస్టర్లలో సగానికి పైగా, 1821 నుంచి 1851 వరకు నాలుగు జనాభా లెక్కల పత్రాలు, అక్కడక్కడా మిగిలిన ముక్కలు తప్ప, అన్నీ పోయాయి. కాలిన కాగితాలు నగరమంతా ఎగిరిపడ్డాయి.

మంటలను తిట్టుకునేవాళ్లు గుమాస్తాల సంగతి మరిచిపోతారు. 1861, 1871 జనాభా లెక్కల ఫారాలు ఫోర్ కోర్ట్స్‌లో కాలలేదు. వాటిని అంతకు చాలా ముందే ప్రభుత్వమే నాశనం చేయించింది. 1881, 1891 లెక్కలను మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కాగితం కొరత వచ్చిందని గుజ్జు చేసేశారు. ఇదంతా పోగా 1922కి ముందటి జనాభా లెక్కల్లో ఇప్పుడు దేశమంతటికీ పూర్తిగా దొరికేవి 1901, 1911 మాత్రమే. ఈ రెండిటినీ ఐర్లాండ్ జాతీయ ఆర్కైవ్స్ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. అంటే 1850ల్లో ఓడెక్కి వెళ్లిపోయిన మనిషి పేరు ఐర్లాండ్ జనాభా లెక్కల్లో దాదాపు దొరకదు. తల్లిదండ్రులు, అన్నదమ్ముల పేర్లు ఏ రాతి మీదైనా ఉన్నాయేమోనని చూడక తప్పదు.

ఆ రాయి ఎలా ఉంటుందో, దాన్ని ఎలా చదవాలో ఒక నమూనాతో చూద్దాం. ఇది నిజం రాయి కాదు, ఆగ్నేయాన వెక్స్‌ఫర్డ్, విక్లో కౌంటీల తరహాలో అల్లుకున్నది. నల్లటి పలక రాయి. పైన సిలువ, దాని కింద ఐ హెచ్ ఎస్ అనే మూడు అక్షరాలు. ఆ కింద ఇంగ్లిషులో చెక్కిన మాటల సారాంశం ఇదీ: బాలీబెగ్ నివాసి పేట్రిక్ మర్ఫీ తన తండ్రి జాన్ మర్ఫీ జ్ఞాపకార్థం దీన్ని నిలిపాడు. జాన్ 1843 మార్చి 12న, 78వ ఏట కాలం చేశాడు. అతని భార్య మార్గరెట్ మర్ఫీ అలియాస్ డోయల్ 1851 మే నెలలో, 80వ ఏట పోయింది. చిన్నప్పుడే పోయిన ఇద్దరు పిల్లలు కూడా ఇక్కడే ఉన్నారు.

కొత్తగా వచ్చినవాళ్ల చూపు నేరుగా తేదీల మీద పడుతుంది. అనుభవం ఉన్నవాళ్లు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతారు. రాయి నిలిపింది ఎవరు, ఎక్కడి వాడు అన్న రెండు సంగతులూ అక్కడే ఉన్నాయి. మనకు పోలీసు కేసుల్లో మాత్రమే కనిపించే ‘అలియాస్’ అనే మాట ఇక్కడ పుట్టింటి పేరును చూపిస్తోంది. పెళ్లయినా ఆడవాళ్లను పుట్టింటి పేరుతో గుర్తుపెట్టుకునే అలవాటు ఐరిష్ పల్లెల్లో ఉండేది. దాని పుణ్యమా అని మర్ఫీల రాయి డోయల్ల ఇంటి దారి కూడా చూపిస్తుంది.

తర్వాత వయసులు. 78 అనడం బాగానే ఉంది. 80 అనగానే కొంచెం అనుమానించాలి. తండ్రి చనిపోయిన రోజు తెలుసు, తల్లి విషయంలో నెల మాత్రమే గుర్తుంది. అది అప్పటికప్పుడు చెక్కించింది కాకపోవచ్చు. అక్షరాల లోతు, వంపు చూస్తే ఇంకొంత తెలుస్తుంది. తండ్రి గురించిన వరుసలు ఒక చేతివాటం, తల్లివి ఇంకో చేతివాటం అయితే, రాయి 1843, 1851 మధ్య వెలిసిందన్నమాట. అన్నీ ఒకే చేతివైతే 1851 తర్వాతే నిలిపారు, తండ్రి తేదీ కూడా జ్ఞాపకం మీద రాయించిందే. అమెరికా వెళ్లిన కొడుకో కూతురో చాలా ఏళ్ల తర్వాత పంపిన డబ్బుతో వెలిసిన రాళ్లు ఐర్లాండ్‌లో ఎన్నో. ఇక ఆ ఇద్దరు పిల్లలు ఎవరి పిల్లలు? జాన్ పిల్లలా, పేట్రిక్ పిల్లలా? రాయి చెప్పదు. ఇలాంటి చోట తొందరపడి వంశవృక్షంలో రెండు కొమ్మలు గీసేస్తే ఆ తప్పు పది మంది చేతులు మారి నిజంగా చలామణి అయిపోతుంది.

చివరిగా, పేట్రిక్ పేరు కోసం కింద వదిలిన ఖాళీ. అందులో ఏమీ చెక్కలేదు. డబ్బుల్లేక కావచ్చు, లేదా అతను దేశం విడిచి వెళ్లి ఉండొచ్చు. ఈ రెండో అనుమానాన్ని తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. ఆ దారికి తాళంచెవి బాలీబెగ్.

ఐర్లాండ్‌లో భూమిని 32 కౌంటీలుగా, వాటిని బ్యారనీలుగా, వాటిని పారిష్‌లుగా, వాటిని టౌన్‌ల్యాండ్‌లుగా విడదీశారు. అన్నిటికంటే చిన్నది టౌన్‌ల్యాండ్. దేశం మొత్తం మీద అరవై వేలకు పైగా ఉన్నాయి. కొన్నిటిలో పదుల కొద్దీ ఇళ్లుంటాయి, కొన్నిటిలో ఒక్క కొంపా ఉండదు. పల్లెటూరి ఐరిష్ మనిషికి చిరునామా అంటే టౌన్‌ల్యాండే. కానీ బాలీబెగ్ అనే పేరుతో పలు కౌంటీల్లో టౌన్‌ల్యాండ్‌లున్నాయి. కాబట్టి రాయి ఏ శ్మశానంలో ఉందో, అది ఏ పారిష్‌లోదో కూడా రాసుకోవాలి. రాతిని మాత్రమే ఫొటో తీసుకుని శ్మశానం పేరు రాసుకోవడం మరిచిపోయేవాళ్లు తక్కువేం కాదు.

టౌన్‌ల్యాండ్ పేరు చేతికొస్తే తర్వాత చూడాల్సింది గ్రిఫిత్స్ వాల్యుయేషన్. బీదల సంక్షేమం కోసం వేసే పన్నును లెక్కగట్టడానికి ఇంజినీరు, భూగర్భ శాస్త్రవేత్త రిచర్డ్ గ్రిఫిత్ ఆధ్వర్యంలో 1847 నుంచి 1864 దాకా దేశమంతా సర్వే చేశారు. ప్రతి టౌన్‌ల్యాండ్‌లో ఇల్లూ పొలం ఎవరి అనుభవంలో ఉన్నాయి, వాళ్లు ఎవరి దగ్గర కౌలుకు తీసుకున్నారు, విస్తీర్ణమెంత, ఏడాదికి విలువెంత అన్నవి అందులో వరుసగా ఉంటాయి. ప్రతి పేరుకీ మ్యాపులో ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని ఇవాళ కూడా ఆ పొలం గట్టు మీద నిలబడొచ్చు. పది లక్షలకు పైగా పేర్లున్న ఈ జాబితా 19వ శతాబ్దపు ఐర్లాండ్‌కి జనాభా లెక్కలు లేని లోటును కొంతవరకు తీరుస్తుంది. కాకపోతే ఇంటి పెద్ద పేరొక్కటే ఉంటుంది. భార్యా పిల్లలూ ఉండరు.

గ్రిఫిత్‌తోనే పని పూర్తయిపోదు. ఆ సర్వే తర్వాత పన్ను అధికారులు ఆ పుస్తకాలను ఏటా సరిచేస్తూ వచ్చారు. కౌలుదారు మారగానే పాత పేరు కొట్టేసి, కొత్త పేరు వేరే రంగు సిరాతో రాసి, పక్కన ఏడాది వేసేవారు. వీటినే రివిజన్ బుక్స్ అంటారు. మర్ఫీ పేరు ఎర్ర సిరాతో కొట్టేసిన ఏడాది కనిపించిందంటే అతను చనిపోయాడు, లేదా భూమి కొడుక్కి రాశాడు, లేదా వెళ్లిపోయాడు. ఎక్కువ మంది పరిశోధకులు గ్రిఫిత్ దగ్గరే ఆగిపోతారు, ఈ పుస్తకాల దాకా రారు. అసలు కథ ఎక్కువగా ఉండేది వీటిలోనే. వెనక్కి వెళ్లాలంటే 1823 నుంచి 1837 దాకా తయారైన టైథ్ అప్లాట్‌మెంట్ పుస్తకాలున్నాయి. చర్చ్ ఆఫ్ ఐర్లాండ్‌కి దశమ భాగం పన్ను కట్టాల్సిన రైతుల జాబితా అది. ఆ చర్చిని నమ్మని కేథలిక్ రైతు కూడా ఆ పన్ను కట్టాల్సిందే కాబట్టి వాళ్ల పేర్లూ ఉన్నాయి. అన్యాయమైన పన్నే, కానీ నేటి మనవళ్లకు అక్కరకొచ్చే జాబితా మిగిల్చింది.

పుట్టుక, చావు, పెళ్లి ప్రభుత్వ రిజిస్టర్లలోకి ఎక్కడం 1864 జనవరి 1 నుంచి మొదలైంది. కేథలిక్కేతర పెళ్లిళ్లు 1845 నుంచే నమోదయ్యాయి. అయితే పాత ఐరిష్ మరణ ధ్రువపత్రంలో తల్లిదండ్రుల పేర్లుండవు. వయసు, వృత్తి, చనిపోయిన కారణం, సమాచారం ఇచ్చిన మనిషి పేరు ఉంటాయి. ఆ చివరి పేరును నిర్లక్ష్యం చేయకూడదు. అది సాధారణంగా కొడుకో, కోడలో, పొరుగువాడో అవుతుంది. 1864కి ముందు కావాలంటే పారిష్ రిజిస్టర్లే గతి. వెయ్యికి పైగా కేథలిక్ పారిష్‌ల పాత రిజిస్టర్లను ఐర్లాండ్ జాతీయ గ్రంథాలయం 2015 జూలైలో ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. అవి 1880 ప్రాంతం దాకా ఉన్నాయి. చాలావాటిలో భాష లాటిన్. అందుకే జేమ్స్ అక్కడ జాకోబుస్ అవుతాడు. జ్ఞానస్నానం నమోదులో బిడ్డ, తల్లిదండ్రులతో పాటు జ్ఞాన తల్లిదండ్రుల పేర్లుంటాయి. సాధారణంగా వాళ్లు మేనమామో, పినతల్లో అయి ఉంటారు. తల్లి పుట్టింటి పేరు కూడా చాలావాటిలో రాశారు. రాతి మీది డోయల్, రిజిస్టర్‌లోని డోయల్ కలిశాయంటే పని సగం అయినట్టే.

పేర్ల విషయంలో ఐరిష్ వాళ్ల ఆచారం తెలుగువాళ్లకు కొత్తగా అనిపించదు. మన ఇళ్లలో తాత పేరో నాయనమ్మ పేరో మనవడికీ మనవరాలికీ పెట్టినట్టే, వాళ్లూ పెద్దకొడుక్కి తండ్రివైపు తాత పేరు, రెండోవాడికి తల్లివైపు తాత పేరు పెట్టేవాళ్లు. కూతుళ్లకు మొదట అమ్మమ్మ పేరు, తర్వాత నాయనమ్మ పేరు. అందరూ పాటించిన నియమం కాదు, కానీ ఒక సమాధి మీద పెద్దకొడుకు జాన్ అని ఉంటే వాళ్ల తాత జాన్ అయి ఉండొచ్చని వెతకడం మొదలుపెట్టొచ్చు. ఇబ్బంది ఏమిటంటే, ఈ ఆచారం వల్లే ఒకే ఊళ్లో ఒకే వయసులో నలుగురు జాన్ మర్ఫీలు తయారవుతారు. నలుగురూ పినతండ్రి, పెదతండ్రి పిల్లలే.

వయసుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1908లో వృద్ధాప్య పింఛను చట్టం వచ్చింది. 1909 జనవరి నుంచి డెబ్భై దాటినవాళ్లకు వారానికి ఐదు షిల్లింగులు ఇవ్వడం మొదలుపెట్టారు. పల్లెటూరి బీద ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. 1864కి ముందు పుట్టినవాళ్లకు ప్రభుత్వ జనన పత్రాలే లేవు. ఇంకేముంది, 1901 లెక్కల్లో యాభై ఎనిమిదేళ్లున్న మనిషి 1911 లెక్కల్లో డెబ్భై ఒకటికి చేరిన ఉదంతాలు ఎన్నో ఉన్నాయి. వయసు నిరూపించుకోవడానికి అధికారులు అప్పటికింకా ఉన్న 1841, 1851 జనాభా లెక్కలను వెతికించేవారు. ఆ వెతుకులాట కోసం నింపిన ఫారాలు బతికిపోయాయి. కాలిపోయిన జనాభా లెక్కల్లోని కొన్ని కుటుంబాల వివరాలు ఇప్పుడు మిగిలింది ఈ పింఛను దరఖాస్తుల్లోనే.

వయసును అటూ ఇటూ జరిపింది ముసలివాళ్లు మాత్రమే కాదు. 1892 జనవరి 1న న్యూయార్క్‌లో ఎల్లిస్ ఐలాండ్ వలస కేంద్రం మొదలైన రోజు అక్కడ అడుగుపెట్టిన తొలి వలసదారు కోర్క్‌కి చెందిన అనీ మూర్. ఆ రోజు ఆమెకు పదిహేనేళ్లని పత్రికలు రాశాయి, అసలు వయసు పదిహేడు. తర్వాత ఆమె ఏమైందో చాలాకాలం తప్పుగానే చెప్పుకున్నారు. టెక్సస్‌లో చనిపోయిన ఇంకో అనీ మూర్‌నే ఆమెగా భావించారు. ఆ టెక్సస్ అనీ పుట్టింది అమెరికాలోని ఇల్లినాయ్‌లో. వంశ చరిత్ర పరిశోధకురాలు మేగన్ స్మోలెన్యాక్ 2006లో అసలు అనీని బయటపెట్టారు. ఆమె న్యూయార్క్‌లోనే ఉండి, పెళ్లి చేసుకుని, 1924లో చనిపోయింది. క్వీన్స్‌లోని కల్వరీ శ్మశానంలో ఆమె సమాధికి అప్పటిదాకా రాయే లేదు. 2008లో ఐర్లాండ్ సున్నపురాయితో కెల్టిక్ సిలువ నిలిపారు.

రాయి లేకపోవడం అరుదైన విషయం కాదు. నిజానికి అదే ఎక్కువ. రాయి చెక్కించడం డబ్బుతో పని. పాత ఐరిష్ శ్మశానాల్లో చెక్కిన రాళ్ల మధ్య అక్షరం ముక్క లేని మొరటు రాళ్లు నేలలోంచి పొడుచుకొస్తూ కనిపిస్తాయి. వాటి కింద ఎవరున్నారో కుటుంబానికి మాత్రమే తెలుసు, ఆ కుటుంబం వలసపోతే ఎవరికీ తెలియదు. 1845లో బంగాళదుంపకు తెగులు వచ్చి 1852 దాకా సాగిన కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకు మించి దేశం విడిచి వెళ్లారు. కోర్క్ కౌంటీలోని స్కిబరీన్ దగ్గర అబీస్ట్రౌరీ శ్మశానంలో ఎనిమిది వేల నుంచి పది వేల మంది కరువు మృతులు సామూహిక గుంతల్లో ఉన్నారు. అక్కడ విడివిడిగా పేర్లు చెక్కిన రాళ్లు వెతకడం వృథా. జ్ఞానస్నానం కాకముందే చనిపోయిన పసికందులను పవిత్రం చేసిన నేలలో పూడ్చనిచ్చేవాళ్లు కాదు. వాళ్లను ఊరి బయట కిల్లీన్‌లనే వేరే శ్మశానాల్లో, చిన్న రాళ్ల గుర్తుతో పెట్టేవాళ్లు. రాళ్ల మీద ఆధారపడి రాసిన ఐరిష్ వంశ చరిత్ర ఎంత కాదన్నా కాస్త కలిగినవాళ్ల చరిత్రే.

రాయి ఎక్కడుందో చూసి మతం నిర్ణయించడం కూడా తగదు. పదహారో శతాబ్దపు మత సంస్కరణ తర్వాత పాత పారిష్ చర్చిలూ, వాటి శ్మశానాలూ చర్చ్ ఆఫ్ ఐర్లాండ్ చేతికి పోయాయి. కేథలిక్‌లు మాత్రం తాతల పక్కనే పడుకోవాలని అక్కడే ఖననం చేస్తూ వచ్చారు. చర్చి పాడుబడి గోడలు మిగిలినా శ్మశానం నడుస్తూనే ఉంది. 1823లో డబ్లిన్‌లో ఒక ఖననం దగ్గర కేథలిక్ గురువును ప్రార్థన చేయనివ్వలేదు. ఆ గొడవతో రాజుకున్న ఉద్యమంలోంచి డేనియల్ ఓకానెల్ చొరవతో గ్లాస్నెవిన్ శ్మశానం 1832లో అన్ని మతాల వాళ్లకూ తెరుచుకుంది. గ్లాస్నెవిన్ రికార్డులు మొదటి ఖననం నుంచీ భద్రంగా ఉన్నాయి. ఒకే గోతిలో ఎవరెవరున్నారో కలిపి చూపిస్తాయి కాబట్టి, ఇంటిపేరు వేరైన మేనత్త కూడా దొరికే వీలుంది.

ఇక చదవడం ఎలా? పాత రాయి ముందు నిలబడగానే చాలామందికి తోచే మొదటి ఆలోచన దాన్ని తోమేయాలని. తీగల బ్రష్‌తో, బ్లీచింగ్ పొడితో, ఒక్కోసారి సుద్దముక్కతో అక్షరాలు నింపి ఫొటోలు తీసేవాళ్లున్నారు. రెండు వందల ఏళ్ల వాన చేయలేని నష్టం ఒక్క మధ్యాహ్నంలో చేసేస్తారు. రాతి మీద పెరిగే లైకెన్ పొర కింద అక్షరం ఉంటే, పొర లాగితే అక్షరం అంచూ ఊడి వస్తుంది. అంతకంటే తేలికైన మార్గం వెలుతురు. ఎండ నేరుగా రాతి మీద పడితే చెక్కడం కనిపించదు. ఉదయమో సాయంత్రమో వెలుగు పక్కనుంచి ఏటవాలుగా తగిలితే ప్రతి గీతకూ నీడ పడి అక్షరం పైకి తేలుతుంది. ఎండ వేరే దిక్కున ఉంటే అద్దంతో మళ్లించొచ్చు. మబ్బు పట్టిందా, ఐర్లాండ్‌లో అది రోజువారీ సంగతే, చీకటి పడ్డాక టార్చి రాతికి ఆనించి పక్కనుంచి కొట్టాలి. పడిపోయిన రాయిని లేపకూడదు. అది పగిలితే ఒక దోషం, పాత శ్మశానాలు చాలావరకు రక్షిత కట్టడాలు కాబట్టి చట్టం ముందు ఇంకో దోషం. రాతి అడుగు కూడా చూడాలి. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వెక్స్‌ఫర్డ్‌లోని మొనసీడ్‌కి చెందిన డెనిస్ కల్లెన్ వంటి శిల్పులు సిలువ దృశ్యాలు చెక్కి కింద తమ పేరు కూడా పెట్టుకున్నారు. శిల్పి తెలిస్తే రాయి ఏ ఏళ్లదో ఊహించొచ్చు.

చెరిగిన అక్షరాలు చదవలేకపోయినా నిరాశ అక్కర్లేదు, ఎవరో ఎప్పుడో చదివి ఉండొచ్చు. 1888లో కర్నల్ ఫిలిప్ విగర్స్ ఒక సంఘం పెట్టి, కౌంటీల వారీగా సమాధుల మీది రాతలు పోగుచేసి జర్నల్‌లో అచ్చు వేయించారు. అప్పుడు చదవగలిగి ఇప్పుడు చెరిగిపోయిన రాళ్లకు అదే సాక్ష్యం. 1966 నుంచి డౌన్ కౌంటీ సమాధి రాతలను సంపుటాలుగా వెలువరించిన రిచర్డ్ క్లార్క్ బెల్‌ఫాస్ట్‌లో మత్తు వైద్యుడు. బతికున్నవాళ్లను నిద్రపుచ్చడం వృత్తి, చనిపోయినవాళ్లను తట్టి పలకరించడం వ్యాపకం. ఇప్పుడు హిస్టారిక్ గ్రేవ్స్ అనే కార్యక్రమంలో ఊరివాళ్లే తమ శ్మశానాన్ని కెమెరాతో, జీపీఎస్‌తో సర్వే చేసి అందరికీ కనిపించేలా పెడుతున్నారు.

అన్నిటికంటే సులువైన మార్గం సమయం చూసుకుని వెళ్లడం. కేథలిక్ పారిష్‌ల్లో వేసవిలో ఏడాదికోసారి సెమెటరీ సండే జరుగుతుంది. ఆ రోజు కుటుంబాలన్నీ వచ్చి గడ్డి కోసి, పూలు పెట్టి, గురువు దీవెన కోసం తమ సమాధి పక్కన నిలబడతాయి. వెతుకుతున్న రాయి పక్కన ఎవరు నిలబడ్డారో చూస్తే చాలు, చుట్టాలు దొరికినట్టే. దూరాన ఉన్నవాళ్లు తమ దేశంలోనూ ఆధారం వెతకొచ్చు. వలసపోయిన ఐరిష్ వాళ్లు బోస్టన్‌లో, న్యూఫౌండ్‌లాండ్‌లో తమ సమాధుల మీద పుట్టిన కౌంటీని, కొన్నిసార్లు పారిష్‌ను చెక్కించుకున్నారు. అమెరికా జనాభా లెక్కల్లో ఐర్లాండ్ అని ఒక్క మాటే ఉన్నచోట ఆ రాయి మొత్తం చిరునామా ఇస్తుంది. కొన్ని పాత రాళ్ల మీద కింగ్స్ కౌంటీ, క్వీన్స్ కౌంటీ అని ఉంటాయి. స్వాతంత్ర్యం తర్వాత అవి ఆఫలీ, లీష్ అయ్యాయి. మ్యాపులో వెతికేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

అలాంటి చిరునామాలు కొన్ని తెలుగు నేల మీద కూడా ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీ యూరోపియన్ పటాలాల్లో, తర్వాత వచ్చిన బ్రిటిష్ పటాలాల్లో ఐరిష్ సిపాయిల వాటా పెద్దది. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివాళ్లను ఓడించి, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పట్టిన కర్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్ డౌన్ కౌంటీలోని సీఫోర్డ్ వాడు. ఆయనకు సమాధే లేదు. 1769 చివర్లో కేప్ ఆఫ్ గుడ్‌హోప్ దాటిన అరోరా ఓడతో పాటు సముద్రంలో మాయమయ్యాడు. చందుర్తి, మచిలీపట్నం యుద్ధాల పేర్లు మాత్రం కెర్రీ కౌంటీలోని ట్రలీ కేంద్రంగా ఉన్న రాయల్ మన్‌స్టర్ ఫ్యుసిలియర్స్ పటాలం గౌరవాల జాబితాలో 1922 వేసవిలో ఆ పటాలం రద్దయ్యే దాకా ఉన్నాయి. హైదరాబాద్ కేథలిక్ సంఘానికి తొలి వికార్ అపోస్టలిక్ (బిషప్ హోదా గల మతపెద్ద) అయిన డేనియల్ మర్ఫీ కోర్క్ కౌంటీ నుంచి వచ్చాడు, తర్వాత హోబర్ట్ ఆర్చ్‌బిషప్‌గా 1907లో ఆస్ట్రేలియాలో చనిపోయాడు.

మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల్లో జరిగిన జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు ఏటా లండన్‌కి వెళ్లేవి. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. జూలియన్ జేమ్స్ కాటన్ 1905లో ప్రెసిడెన్సీలోని సమాధి రాతలను ఒక జాబితాగా అచ్చు వేయించాడు, అందులో కోస్తా ఊళ్లూ ఉన్నాయి. ఆ జాబితాకు ఎక్కనివి, ఎక్కినా ఇవాళ పొదల్లో ఉన్నవి ఎన్నో. మన ఊళ్లలో వాటిని దొరల సమాధులు అంటారు. మీ ఊళ్లో అలాంటిదొకటి ఉంటే దానికి సున్నం కొట్టించకండి, తోమించకండి. సాయంత్రం ఏటవాలు ఎండలో రాతిని నాలుగు వైపులా ఫొటో తీయండి. ఊరు, శ్మశానం, చుట్టుపక్కల గుర్తులు రాసిపెట్టండి. బ్రిటిష్ పాలన కాలం నాటి కుటుంబాల చరిత్ర పోగుచేసే ఫిబిస్ అనే సంస్థ ఇలాంటి ఫొటోలను తీసుకుంటుంది.